మంచమంత తెల్ల పొర

సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కితే వికారాబాద్ దాకా ఇద్దరికి కలిపి కూడా ఒక ప్లేటు బిర్యానీ ఖర్చు కాదు. ఆ సంగతి బాగా తెలిసే నేను బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ గేటు దగ్గర నిలబడి, సరుకు దించేసి ఖాళీగా వెనక్కి పోతున్న ఒక టమాటా బండిని పదిహేను వందల నుంచి ఏడు వందలకు దించాను. రైలుకయ్యేదానికి ఎన్నో రెట్లు పోసి, సగం ధరకే ప్రయాణం కొట్టేశానని పొంగిపోవడం అందరి వల్లా అయ్యే పని కాదు. దానికి జనరల్ బజార్‌లో గల్లా పెట్టె పక్కన పెరిగి ఉండాలి. నేను అక్కడే పెరిగాను.

మాది కుట్టు సామాన్ల దుకాణం. గుండీలు, హుక్కులు, లేసులు, జాకెట్ గుడ్డలు, దారపు రీళ్ళు. నాన్న తర్వాత నా చేతికొచ్చింది. అన్న చదువుకుని జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పాడు, రిటైరై చాన్నాళ్ళయింది. ఆయన పెళ్ళి చేసుకోలేదు, నేను చేసుకున్నది నిలవలేదు. సీతాఫల్‌మండిలో నాన్న కట్టిన ఇంట్లో నేను కింద, ఆయన పైన. డిసెంబర్‌లో ఒక సాయంత్రం మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లు దిగి వచ్చాడు.

"విమలా, నీకు బేరం వచ్చు. నాకు రాదు. ఒక్కసారి నాతోని పరిగి దిక్కు రా."

"ఏం కొనాలె?"

"కొనేదేం లేదు. ఒకటి అడగాలె."

కొనేదేం లేదని ఆయన అంత స్పష్టంగా చెప్పాడు. నేనే వినలేదు.

పరిగి దగ్గర ఒక ఊరు. పేరు రాయనని అన్నకు మాటిచ్చాను. అక్కడ అంజమ్మ అనే రైతు పొలం పక్కన వాగు. ఆ వాగు ఒడ్డులో పైన నల్లరాయి, కింద నల్లరాయి, మధ్యలో జానెడు తెల్ల పొర. నల్లరాయి ఒకప్పుడు నేల చీలి పారిన లావా. తెల్లది, ఒక లావాకూ మరో లావాకూ మధ్య దొరికిన సందులో అక్కడ నిలిచిన మడుగు అడుగున పేరుకున్న మన్ను. ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటిది. భూమ్మీద రాకాసి బల్లులన్నీ తుడిచిపెట్టుకుపోయిన కాలానికి ఇంచుమించు చెందినది. అలాంటి పొరల్లోనే నువ్వుగింజంత పళ్ళు దొరికాయట, ఎలుకంత జీవులవి. అన్న తన విద్యార్థులను ఏటా తీసుకుపోయి అది చూపించేవాడు. ఇప్పుడు అంజమ్మవాళ్ళు బొప్పాయి తోట కోసం ఆ ఒడ్డును చదును చేస్తున్నారు, వారంలో జేసీబీ వస్తుందని అన్నకు ఫోన్‌లో తెలిసింది. చుట్టుపక్కల అంతా ఎప్పుడో పొలాలైపోయింది. మిగిలింది ఆ మూల ఒక్కటే. అందులో ఒక నులక మంచమంత జాగా ముట్టుకోకుండా వదలమని అడగడానికి బయల్దేరాం.

అన్న మోకాళ్ళకు రైలూ బస్సూ మారడం కష్టమని బండి మాట్లాడాను. అది సాకు. ఖాళీ బండి కనిపిస్తే దాన్ని ఖాళీగా పోనివ్వడం నా వల్ల కాదు.

బోయిన్‌పల్లి నుంచి, చుట్టాలతో

డ్రైవర్ పేరు యాదగిరి. రాత్రంతా టమాటా దించి, వేలం అయ్యేదాకా కాచుకుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గేరు రాడ్డు నా మోకాలికి తగలకుండా నేను ఒక పక్కకు, అన్న మోకాళ్ళు ముడవలేక ఇంకో పక్కకు. వెనక ఖాళీ ట్రేలు గుంతలో పడ్డప్పుడల్లా దడదడమన్నాయి. చేవెళ్ళ దగ్గర బండి ఆపి యాదగిరి రెండు మేకపోతుల్ని వెనక ఎక్కించాడు.

"ఇదేంది యాదగిరీ, బండి మేం మాట్లాడుకున్నం గద?"

"క్యాబిన్ మాట్లాడుకున్నరక్కా. ఎనక జాగా నాది. ఏడు నూర్లకు మేకలు సుత రావొద్దంటే నా డీజిల్ ఎవరు పోస్తరు?"

న్యాయంగా ఉంది. నేనైనా అదే చేసేదాన్ని. కాసేపటికి మెడ దగ్గర తడి తగిలింది. క్యాబిన్ వెనక కిటికీకి అద్దం లేదు. మేకపోతు తల లోపలికి దూర్చి నా కొంగు చివర జానెడు నమిలేసింది. నేను అరిచాను. అన్న కళ్ళు కూడా తెరవలేదు.

"తిననియ్. చుట్టమే."

యాదగిరికి నిద్ర మత్తు వదిలింది. "నిజంగనా సార్? మేకకు మనకు చుట్టరికమా?"

"మేకకు, మనకు, గబ్బిలానికి, సముద్రంల తిమింగలానికి. అందరి ఎనకటి పెద్దలు ఎలుకంత ఉండిరి. పెద్ద బల్లులున్నన్ని రోజులు భయపడి బొరియల్ల బతికినయ్. బల్లులు పోయినంక జాగా ఖాళీ అయింది. ఒక్కొక్కటి ఒక్కో తీరు అయినయ్."

"గంత పెద్దయి పోయి ఎలుక మిగిలిందంటే, దానికి తెలివెక్కువనా?"

"తెలివి గాదు. దానికి జెర తింటే సాలు. గింజ, పురుగు, ఏది దొరికితె అది. పెద్దదానికి రోజూ బండెడు మేత గావాలె. ఆకాశం నుంచి రాయి పడె, ఇటు మన దిక్కు లావా పారె, ఎండ కనబడకుంటయె, మేత ఎక్కడిది?"

యాదగిరి ఆలోచించాడు. "మా సేటుకు మూడు లారీలున్నయ్ సార్. డీజిల్ రేటు పెరిగితె ఆయన నెత్తి పట్టుకుంటడు. నేను మేకలెక్కిస్త."

అన్న కళ్ళు తెరిచి అతన్ని చూశాడు. కాలేజీలో ఇంత తొందరగా ఎవరికీ అర్థం కాలేదేమో.

నేనూ ఊరుకోలేదు. లాక్‌డౌన్ కథ ఎత్తుకున్నాను. బజార్ మొత్తం షట్టర్లు దించిన రోజుల్లో మా దుకాణం ఎలా నిలబడిందో ఎవరు దొరికినా చెబుతాను. మా గల్లీలో పెళ్ళి చీరల షాపులు మూడు మళ్ళీ తెరవలేదు. మేం మాత్రం సన్న ఎలాస్టిక్ అమ్మి బతికాం. మాస్కులు కుట్టేవాళ్ళు ఇంటికొచ్చి మరీ రీళ్ళు పట్టుకుపోయారు. "ముందుచూపు ఉండాలె" అని ముగించాను, ఎప్పుడూ ముగించేలాగే.

"ముందుచూపా?" అన్నాడు అన్న. "వెడల్పుది రావాల్సింది తప్పి సన్నది వస్తే, వాపసు తీస్కోక అటక మీద పదేండ్లు పడి ఉన్నది గద అది."

యాదగిరి నవ్వాడు. మేక కూడా ఏదో అంది.

"నవ్వకు," అన్నాడు అన్న అతనితో. "బతుకుడంటే గంతే. పక్షులకు ఈకలు సుత మొదలు ఎగిరేటందుకు రాలేదు అంటరు. వెచ్చదనానికి వచ్చినయ్. ఎగురుడు తర్వాత సంగతి."

మన్నెగూడ చాయ్

మన్నెగూడ అడ్డరోడ్డు దగ్గర చాయ్ తాగాం. మా స్టేషన్ దగ్గర కప్పు సగానికి పోసి, నురగతో మిగతాది నింపుతారు. ఇక్కడ గ్లాసు నిండా పోశాడు. మేం తాగుతుంటే చాయ్ ఆయన కెటిల్ పట్టుకొచ్చి అడగకుండానే మళ్ళీ పోశాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఒక్కటే చెప్పినం."

"ఒక్కటే అక్కా. గిది కొసరు."

మా బజార్‌లో కొసరు కావాలంటే గొంతు చించుకోవాలి, వెళ్ళిపోతున్నట్టు నాలుగు అడుగులు వేయాలి, పక్క దుకాణం వైపు చూడాలి. అడగకుండా వచ్చిన కొసరును నేను నమ్మను. బిల్లు ఇచ్చేదాకా రెండో గ్లాసు ముట్టలేదు. బిల్లులో అది లేదు. అప్పటికి చల్లారిపోయింది. చల్లారిన చాయ్ తాగి బండెక్కాను.

పరిగి, చన్నీళ్ళ గది

పరిగిలో లాడ్జి కుర్రాడు రెండు మంచాల గదికి తొమ్మిది వందలన్నాడు. ఆరు వందలకు తెచ్చాను. స్నానానికి పోతే గీజర్ స్విచ్ పనిచేయలేదు. కిందికి దిగి అడిగాను.

"గీజర్ తొమ్మిది నూర్ల గదికి మేడం. మీరు ఆరు నూర్లది తీస్కున్నరు."

"గది అదే కదా!"

"గది అదే. ఫ్యూజ్ తీసిన."

డిసెంబర్ చలిలో చన్నీళ్ళు పోసుకుని, పళ్ళు టకటకలాడుతుంటే వచ్చి దుప్పటి కప్పుకున్నాను. అన్న స్నానం మానేశాడు. నాకంటే ఆయనకే తెలివెక్కువ, కాకపోతే దాన్ని అమ్ముకోడు.

కింద మెస్‌లో జొన్నరొట్టె, పచ్చిపులుసు, టమాటా పప్పు తిన్నాం. రొట్టెలు పెద్దవి, పలచనివి, పొయ్యి మీంచి నేరుగా పళ్ళెంలోకి. రొట్టె తుంచుతూ నేనే అడిగాను. ఒళ్ళు అలిసి ఉంది, నోరు మాత్రం అలవదు నాకు.

"అంతా పోయినంక, జాగా ఖాళీ అయింది అంటివి. మళ్ళ ఎప్పుడు నిండింది?"

"నువ్వనుకునేటట్టు మరునాడు గాదు. లక్షల ఏండ్లు. ఈ ఒక్కసారే గాదు, దీనికి ముందు సుత పెద్ద నాశనాలు అయినయ్. బాగా పాతది ఒకటి ఉన్నది, దాంట్ల ఇంకా ఎక్కువ పోయినయ్. ప్రతిసారి గిదే తీరు. మొదలు చానా కాలం ఏం ఉండది. తర్వాత ఏదో ఒక్కతీరు మొక్క అంతట పరుచుకుంటది. బల్లులు పోయినంక కొన్ని దిక్కుల ఎటు చూసినా ఫెర్న్ మొక్కలే ఉండెనట."

"లాక్‌డౌన్ అయినంక మన గల్లీల తెరిచిన ప్రతి షట్టరు మొబైల్ కవర్ల దుకాణమే అయినట్టు."

అన్న రొట్టె ముక్క చేతిలో అలాగే పట్టుకుని నవ్వాడు. ఆ మూడు రోజుల్లో ఆయన నవ్వింది అప్పుడే. "గదే. సరిగ్గ గదే."

"మరి ఆ చీరల షాపులవాళ్ళు ఏం తప్పు చేసిండ్రు?"

"ఏం చెయ్యలె. ముందుగాల ఆటకు ఒక రూలు ఉండె. ఆ రూలుకు వాళ్ళే గొప్ప. ఒకరోజు రూలు మారింది. మారుతదని ముందుగాల చెప్పేటోళ్ళు ఉండరు."

ఆయన మోకాళ్ళకు నూనె రాసి పడుకోబెట్టాను. పడుకున్నాక కూడా "మంచమంత ఇస్తదంటవా?" అని ఒకసారి అడిగాడు. "నేనున్న గద" అన్నాను.

వాగు ఒడ్డు

మర్నాడు పొద్దున షేర్ ఆటోలో ఊరు చేరాం. అంజమ్మకు యాభై దాటి ఉంటాయి. అన్నను చూడగానే తలమీద కొంగు సర్దుకుని ఎదురొచ్చింది.

"సారూ, ఎన్ని రోజులాయె! మోకాళ్ళు గిట్ల అయినయేంది? పిల్లలను తోల్కొచ్చినప్పుడు వాగు దునుకుతుంటిరి గద."

చాప వేసింది. నీళ్ళు ఇచ్చింది. ఎందుకొచ్చారని అడగలేదు. రొట్టెలు చేసి, వంకాయ కూర వేసి, తినేదాకా పక్కన కూర్చుంది. మా దుకాణానికి ఎవరైనా వస్తే మేం అడిగే మొదటి మాట "ఏం కావాలి?" ఇక్కడ ఆ మాటే లేదు. మనిషి వచ్చాడు, తిన్నాడు, చెప్పాలనిపిస్తే చెబుతాడు. ఎదురుగా బేరం పెట్టుకుని వంకాయ కూర తినడం నా వల్ల అయ్యే పని కాదు.

తిన్నాక అన్న నన్ను వాగు ఒడ్డుకు తీసుకుపోయాడు. కూర్చోలేక కూర్చుని, సీసాలో నీళ్ళు తెల్ల పొర మీద చిలకరించాడు. తడిసిన చోట చిన్న చిన్న నత్తగుల్లలు తేలాయి, అచ్చం బతికున్న వాటిలాగే మెలి తిరిగి.

"వేలు పెట్టు. కింద లావా, పైన లావా. నడుమ ఈ జానెడు. దీంట్ల మడుగు ఉండె, కప్పలు, చేపలు, ఒడ్డు మీద ఎలుకలు. ఒకసారి అంతా కాలిపోయినంక వచ్చి బతికినయ్ ఇవి. మళ్ళ లావా వస్తదని వీటికి తెల్వదు."

వేలు పెట్టాను. చల్లగా, సుద్దలా ఉంది. మా దుకాణంలో తాండూరు బండల మీద అరవై ఏళ్ళుగా నడుస్తున్నాను. అవి ఇంకా ఎంతో పాతవట, గవ్వ కట్టుకునే జీవి కూడా ఇంకా రాని కాలంవట. నేల గురించి నాకు తెలిసింది దాన్ని రోజూ తుడవాలని మాత్రమే.

ఆ మూలలో ఒక కట్టె పాతి ఉంది, దానికి ఎర్ర గుడ్డ చుట్టి ఉంది. టూ బై టూ జాకెట్ గుడ్డ. ఎక్కడ చూసినా గుర్తుపడతాను. పిట్టల కోసమేమో అనుకున్నాను.

తిరిగి ఇంటికొచ్చాం. అన్న గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ ఊరుకున్నాడు. ఆయన పద్ధతి అంతే, అడగడానికి మూడు పూటలు కావాలి. ఇంతలో కుండ మూత మీద బరువుకు పెట్టిన రాయి నా కంట పడింది. పిడికిలంత తెల్ల రాయి, నిండా నత్తగుల్లలు. చేతిలోకి తీసుకున్నాను. నోటి నుంచి మాట దానంతట అదే వచ్చింది.

"ఎంతకిస్తవ్ అంజమ్మా?"

అంజమ్మ నవ్వింది. "రాయికి ధరేంది అక్కా?"

ముందు ఏదో ఒకటి కొంటే మనిషి మెత్తబడుతుంది, తర్వాత పెద్ద సంగతి ఎత్తవచ్చు. ఇది నాన్న నేర్పిన వరస. యాభై నోటు తీసి అంజమ్మ చేతిలో పెట్టాను. గుమ్మం దగ్గర బీడీ కాల్చుకుంటున్న ఆమె మరిది కిష్టయ్య లేచి వచ్చాడు.

"అక్కా, గీ రాళ్ళు పట్నంల ఏం జేస్కుంటరు?"

"ఏం లేదయ్యా. ఊకె చూస్కోనీకి. విలువేం లేదు."

ఇది కూడా మా బజార్ పద్ధతే. కొనదలుచుకున్న సరుకును ముందు నాలుగు మాటలతో తగ్గించాలి. రంగు వెలిసింది, నేత పలచన, ఇప్పుడు ఎవరూ వాడటం లేదు. కిష్టయ్య పశువుల సంతల్లో ఎడ్లు అమ్మినవాడు, అది నేను అడిగి తెలుసుకోలేదు. విలువేం లేదంటూనే యాభై నోటు తీసే మనిషిని చూస్తే సంతలో తిరిగినవాడికి ఏమనిపిస్తుంది?

నేను ఆగలేదు. "గా మూలకు మంచమంత జాగా జేసీబీ ముట్టకుంట ఇడిచిపెట్టాలె. ఏమన్న ఇస్తం. ఎంతంటవ్?"

అంజమ్మ నవ్వు ఆగిపోయింది. నన్ను కాదు, అన్నను చూసింది. అన్న చాప అంచు చూస్తున్నాడు.

"మా ఆయన తాండూరు పోయిండు. రేపు పొద్దుగాల మాట్లాడుకుందాం అక్కా," అంది.

ధర పెంచడానికి తీసుకున్న గడువు అనుకున్నాను. ఆ గడువు నేను వందసార్లు తీసుకున్నదే. ఆటోలో అన్న ఒక్క మాటన్నాడు.

"ధర అడగకుంటె బాగుండె."

"అడగకుంటె ఈ కాలంల ఎవరిస్తరన్నా?"

ఆ రాత్రి లాడ్జిలో నేనే తొమ్మిది వందలిచ్చి గీజర్ పెట్టించాను. ఆయన స్నానం చేశాడు. నాకు వేడినీళ్ళు మిగల్లేదు.

మూడో రోజు

ఆటో దిగుతుండగానే వాగు దగ్గర తెల్లటి దుమ్ము కనిపించింది. జేసీబీ ముందే వచ్చిందేమో అనుకున్నాను. కాదు. కిష్టయ్య, ఇంకో ఇద్దరు, గడ్డపారలతో. తెల్లవారకముందే మొదలుపెట్టారట. వాళ్ళ పక్కన నాలుగు సంచులు నిండుగా, ఇంకొంత కుప్పగా.

తెల్ల పొర ఉన్నచోట ఒక గుంత ఉంది.

కిష్టయ్య చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. మొహంలో మోసం లేదు, కొత్త దుకాణం తెరిచినవాడి సంతోషం ఉంది. "అక్కా, సారుకు మోకాళ్ళ తక్లీఫ్ గద, మేమే తవ్వి పెట్టినం. గుల్లలున్నయి అన్నీ ఏరినం. బోణీ బేరం. ఐదు వేలియ్యున్రి."

అన్న గట్టు మీద కూర్చున్నాడు. నేను పక్కకు పోయి గొంతు తగ్గించి అడిగాను. "రాళ్ళు ఉన్నయి గద అన్నా. ఎక్కడికి పోలేదు. అన్నీ సంచులల్లనే ఉన్నయి."

"నీ దుకాణంల గుండీల డబ్బాలన్నీ ఒక్కతాన గుమ్మరిస్తే గుండీలు యాడికి పోతయ్?"

అర్థమైంది. ఒకసారి వానకు అటక కూలి, మూడు వందల డబ్బాలు నేలమీద ఒకే కుప్పైతే నేనూ నాన్నా ఆ కుప్ప ముందు కూర్చుని ఏడ్చాం. ఒక్క గుండీ పోలేదు. కానీ ఏది దేనికో, ఏది ఏ సైజో, ఏది ఎప్పటి సరుకో ఇక తెలియదు. ఈ మన్నులో ఏది కిందిది, ఏది పైది, ఏది ముందు బతికింది, ఏది తర్వాత వచ్చింది, అది చెప్పేది వరసే. ఇప్పుడు ఆ వరస సంచుల్లో కలగలిసి ఉంది.

ఆ సమయంలో నేను చేసిన పని కూడా రాయాలి. కిష్టయ్య దగ్గరికి పోయి, "ఐదు వేలేంది, పగిలిన రాళ్ళకు" అన్నాను. వెళ్ళిపోతున్నట్టు నాలుగు అడుగులు కూడా వేశాను. రెండు వేలకు దించాను. నోరు తన పని తాను చేసుకుపోతోంది.

"ఇంక సాలు విమలా," అన్నాడు అన్న. గట్టిగా కాదు.

డబ్బిచ్చాను. అప్పుడు అంజమ్మ వచ్చింది. గుంత చూసింది, కుప్పలోంచి ఒక కట్టె లాగింది. ఎర్ర గుడ్డ చుట్టిన కట్టె, విరిగి ఉంది.

"నేను పొద్దుగాల పాలు పొయ్యనీకి పోయిన సారూ. ఉన్నుంటే తవ్వనియ్యకపోదును." కిష్టయ్య వైపు తిరిగింది. "గుడ్డ కట్టింది కనబడలేదురా నీకు?"

"జేసీబీకి కట్టింది గద వదినా అది. మాకు గాదు గద." అతని గొంతులో నిజంగానే ఆశ్చర్యం. "వాళ్ళే కొంటమనిరి."

నేను కట్టె వైపు చూశాను. "ఇది జేసీబీకి కట్టినవా?"

"మీరు రాకముందు సారు ఫోన్ల జేసీబీ ఎప్పుడొస్తదని రెండుసార్లు అడిగిండు. గప్పుడే సమజైంది. పాత జాకెట్ చింపి ఆ రోజే కట్టిన, డ్రైవర్ గా మూల ముట్టొద్దని. సారు నోరు తెరిచి అడిగితె సరేనందామని చూస్తున్న." కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు ధర అడుగుతుంటివి అక్కా. నాకు ఏం చెప్పాలెనో సమజ్ కాలె."

మా దుకాణంలో సరుకు లేకపోయినా లేదు అనం, రేపొస్తుంది అంటాం. ఆ రేపు కూడా లేదు ఇక్కడ.

వెనక్కి

సంచులు పట్నం చేర్చడానికి యాదగిరికి ఫోన్ చేశాం. క్యారెట్ లోడుతో తీసుకుపోయి సీతాఫల్‌మండిలో ఇస్తానన్నాడు. కిరాయి ఎంతని అడిగితే, "మేక మీ కొంగు తిన్నదానికి సరి అక్కా" అన్నాడు. బేరం ఆడలేదు. ఆడటానికి అక్కడ ఏమీ లేదు కూడా.

మేం వికారాబాద్‌లో రైలెక్కాం. టికెట్ ధర రాయను, సిగ్గుగా ఉంది. కిటికీలోంచి నల్లరేగడి, ఎర్రమన్ను, మళ్ళీ నల్లరేగడి పోతున్నాయి. శంకర్‌పల్లి దాటాక ఎవరో అల్లం చాయ్ తెచ్చారు. అన్న రెండు తీసుకుని నాకొకటి ఇచ్చాడు.

"తిట్టరాదు నన్ను," అన్నాను. "తిడితె జెర తేలికైతది."

"ఏమని తిట్టాలె?" ఊదుకుంటూ తాగాడు. "ఆకాశం నుంచి పడ్డ రాయికి సుత ఎవరి మీద కోపం లేకుండె."

అంతకంటే తిట్టు ఇంకొకటి ఉంటుందా? ఆయన తిట్టుగా అనలేదు. అలిసిపోయి, తెలిసిన సంగతి చెప్పాడు. కోట్ల ఏళ్ళు ధర లేకుండా బతికిన ఒక ఒడ్డు మీద నేను ఒక మాట పడేశాను. ఆ మాటతో అక్కడ రూలు మారింది.

ఇప్పుడు అన్న రోజూ మిద్దె మీద కూర్చుని ఆ మన్ను కడుగుతున్నాడు. తొట్టిలో నానబెట్టి, చాయ్ జల్లెడలో పోసి, మిగిలింది ఎండబెట్టి, భూతద్దం కింద సూదితో ఏరుతాడు. దుకాణం కట్టేసి వచ్చాక నేనూ పక్కన కూర్చుంటాను. నత్తగుల్ల ముక్కలు దొరుకుతున్నాయి. చేప పొలుసులు దొరుకుతున్నాయి, మేం అమ్మే చమ్కీల్లా తళుక్కుమంటాయి. పన్ను ఇంకా దొరకలేదు. దొరికినా అది పొరలో ఎక్కడిదో చెప్పలేనంటాడు. అయినా కడుగుతాడు. రెండున్నర సంచులు మిగిలి ఉన్నాయి.

లెక్క

టమాటా బండికి ఏడు వందలు. లాడ్జికి మొదటి రాత్రి ఆరు వందలు, రెండో రాత్రి తొమ్మిది వందలు. చాయ్, మెస్, ఆటోలు, రైలు అన్నీ కలిపి వెయ్యికి కొంచెం లోపు. మేక తిన్న చీర పాతదే, అందుకని దానికి ఏమీ వేయడం లేదు. కుండ మీది రాయికి యాభై. సంచులకు రెండు వేలు. కిష్టయ్య అడిగింది ఐదు, కాబట్టి మూడు వేలు ఆదా అని రాయడానికి చెయ్యి దానంతట అదే పోయింది. కొట్టేశాను. వేడినీళ్ళ స్నానం నాకు ఒక్కటీ దక్కలేదు.

ఇక అసలు సరుకు. మంచమంత జాగా. దాని ఖరీదు, కట్టెకు చుట్టిన జానెడు ఎర్ర జాకెట్ గుడ్డ. ఆ ముక్క ధర మాత్రం నేను పక్కాగా చెప్పగలను, నేను అమ్మే సరుకే కదా. పది రూపాయలు. అది కూడా, మేం బోయిన్‌పల్లిలో బండెక్కకముందే అంజమ్మ పెట్టేసింది.